ఎంటెక్కా, ఎమ్మెస్సా, ఎంసీఏనా? ఓరుగల్లు పిల్లలకు ఒక అక్క మాట

మా ఇంట్లో రెండు దారులూ ఉన్నాయి. నేను ఇంజినీరింగ్ పీజీ సీట్లకు జాతీయ స్థాయిలో పెట్టే గేట్ పరీక్ష రాసి ఇక్కడే ఎంటెక్ చేశాను. మా తమ్ముడు బ్యాంకు లోన్ తీసుకుని అమెరికా వెళ్లి ఎమ్మెస్ చేశాడు. ఇద్దరం కాజీపేటలోని ఒకే ఇంటి నుంచి, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసిన మా బాపు జీతం మీద చదువుకుని బయటికొచ్చిన వాళ్లమే. ఇప్పుడు నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. ఏటా దసరా సెలవులకు కాస్త ముందు ఫైనలియర్ పిల్లలు ఒక్కొక్కరే స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి, "మేడం, ఎమ్మెస్ బెటరా, ఎంటెక్ బెటరా?" అని మొదలుపెడతారు.

ఏది బెటరో చెప్పేవాళ్లు వాళ్ల చుట్టూ చాలామందే ఉన్నారు. డాలస్‌లో ఇల్లు కొన్న మేనమామ కొడుకు ఉంటాడు. గేట్‌లో ర్యాంకు కొట్టి ప్రభుత్వ రంగ సంస్థలో (పీఎస్‌యూ) చేరిన సీనియర్ ఉంటాడు. బ్రోచర్లు పట్టుకుని కాలేజీకే వచ్చే కన్సల్టెన్సీ వాళ్లుంటారు. అన్నీ అనుకున్నట్టు జరిగితే జీవితం ఎలా ఉంటుందో వాళ్లందరూ చెప్తారు. నేను పిల్లలను అడిగేది వేరు. ఈ దారిలో గడ్డు ఏడాది ఏది? అది వస్తే ఆ ఏడాదంతా ఇల్లు గడుస్తుందా, మీ మనసు నిలబడుతుందా? గేట్‌లో ర్యాంకు రాని ఏడాది ఉంటుంది. అమెరికా డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం దొరకని ఏడాది ఉంటుంది. ఆ రెండూ మా ఇంట్లోనే చూశాను కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తాను.

అసలు మాస్టర్స్ కావాలా

చేతిలో పని నేర్పే ఉద్యోగం ఉంటే ముందు అందులో చేరండి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అమెరికా యూనివర్సిటీలకైతే రెండేళ్ల అనుభవం ఉన్న అప్లికేషన్ ఇంకా బలంగా ఉంటుంది. మాస్టర్స్ వల్ల నిజంగా మేలు జరిగేది కొందరికే. మంచి కంపెనీలు క్యాంపస్‌కు రాని కాలేజీలో బీటెక్ చదివి, బుర్ర ఉండి కూడా అవకాశం దొరకని వాళ్లు ఒకరు. మెషీన్ లెర్నింగ్, సిస్టమ్స్, సెక్యూరిటీ లాంటి ఒక విషయంలో లోతుకు వెళ్లాలని ఆశ ఉన్నవాళ్లు ఇంకొకరు. మూడో రకం నాలాంటి వాళ్లు, పాఠం చెప్పడం ఇష్టమైన వాళ్లు. దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్‌తో పాటు ఎంటెక్ ఉండాలి, రెండింటిలో ఏదో ఒకదానిలో ఫస్ట్ క్లాస్ ఉండాలి.

ఈ మూడింటిలో ఏదీ కాకుండా, "ఖాళీగా ఉంటే పక్కింటివాళ్లు అడుగుతారు" అనే టెన్షన్‌తో పీజీలో చేరే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. రెండేళ్ల తర్వాత అదే పక్కింటివాళ్లు అదే ప్రశ్న అడుగుతారు.

గేట్ దారి

మన ఊళ్లోని ఎన్ఐటీని పెద్దవాళ్లు ఇప్పటికీ ఆర్ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) అనే అంటారు. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ అది, దేశంలోనే మొదటి ఆర్ఈసీ. 2002లో ఎన్ఐటీ అయింది. కాజీపేట నుంచి హన్మకొండ పోయే బస్సు ఆ కాలేజీ గేటు ముందు నుంచే పోతుంది. చిన్నప్పటి నుంచి ఆ గేటు చూస్తూ పెరిగిన పిల్లల్లో చాలామందికి లోపలికి వెళ్లే అవకాశం బీటెక్‌లో రాదు, ఎంటెక్‌లో వస్తుంది. ఆ అవకాశం గేట్ పరీక్షతో వస్తుంది.

పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్, 13 మార్కులు ఇంజినీరింగ్ మ్యాథ్స్, మిగతా 72 సబ్జెక్టుకు. థర్డ్ ఇయర్ నుంచే రాయొచ్చు. 2024 నుంచి డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు డీఏ అని వేరే పేపర్ వచ్చింది. సీఎస్‌తో కలిపి అది కూడా రాసుకోవచ్చు, రెండింటికీ ఉమ్మడిగా ఉండే సిలబస్ కొంత ఉంది. ర్యాంకు వచ్చాక ఐఐటీల ఆఫర్లు సీఓఏపీ అనే పోర్టల్ ద్వారా, ఎన్ఐటీల సీట్లు సీసీఎంటీ అనే కౌన్సెలింగ్ ద్వారా వస్తాయి.

డబ్బు లెక్క ఈ దారిలో తేలిక. గేట్ అర్హతతో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. 24 నెలలకు 2,97,600 రూపాయలు. ఎన్ఐటీ లాంటి చోట ఫీజు, మెస్ అన్నీ కలిపినా ఇంటి నుంచి పెద్దగా అడగాల్సిన పని పడదు. దీనికి బదులుగా వారానికి ఎనిమిది గంటలు ల్యాబుల్లోనో పేపర్లు దిద్దడంలోనో ప్రొఫెసర్‌కు సాయం చేయాలి. నేను చేసిన మొదటి టీచింగ్ అదే. లోన్ అవసరమైన వాళ్లకు 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థల్లో సీటు వస్తే తాకట్టు లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. ఇది మన దేశంలో చదివే వాళ్లకే.

ఇక గడ్డు ఏడాది సంగతి. నేను బీటెక్ అయిపోయాక ఒక ఏడాది డ్రాప్ తీసుకున్నాను. మొదటిసారి అర్హత మార్కు దాటాను కానీ సీటు వచ్చే ర్యాంకు కాదు. అది తేలిన రోజు బాపు ఏమీ అనలేదు. డ్యూటీ నుంచి వచ్చి, టికెట్ల సంచి గోడకు తగిలించి, "మల్ల రాస్తవా బిడ్డా?" అని అడిగాడు. రాస్తానన్నాను. ఆ డ్రాప్ ఏడాది మొదటి నాలుగు నెలలు నేను చదివింది చాలా తక్కువ. చుట్టాల పెళ్లికి పోవడం మానేశాను, "ఏం చేస్తున్నవ్?" అని ఎవరైనా అడుగుతారని.

నన్ను గట్టెక్కించింది ఒక తప్పుల పుస్తకం. ప్రతి మాక్ టెస్టులో పోగొట్టుకున్న మార్కును ఎందుకు పోగొట్టుకున్నానో ఒక్క వాక్యంలో రాసుకునేదాన్ని. ఒకరోజు కంప్యూటర్ మెమరీ పాఠంలోని పేజ్ టేబుల్ మీద ప్రశ్న వచ్చింది. 32 బిట్ల వర్చువల్ అడ్రస్, 4 కేబీ పేజీ, ఒక్కో ఎంట్రీ 4 బైట్లు, మొత్తం పేజ్ టేబుల్ ఎంత? అడ్రస్‌లో 12 బిట్లు పేజీ లోపలి చోటుకు పోతే 20 మిగులుతాయి, అంటే పది లక్షలకు పైగా ఎంట్రీలు, ఒక్కొక్కటి 4 బైట్లు కాబట్టి 4 ఎంబీ. నేను చివర్లో నాలుగుతో హెచ్చవేయడం మర్చిపోయి 1 అని కొట్టాను. సబ్జెక్టు వచ్చు, మార్కు పోయింది. నెల తిరిగేసరికి ఆ పుస్తకంలో సగం వాక్యాలు ఇలాంటివే ఉన్నాయి, తెలియక పోయినవి కావు, తొందరలో పోయినవి. అప్పటి నుంచి కొత్త పాఠాలు తగ్గించి పాత తప్పులు మళ్లీ మళ్లీ చేసి చూసుకున్నాను. మీరు డ్రాప్ తీసుకునేటట్టయితే మొదటి రోజే ఆ పుస్తకం మొదలుపెట్టండి. రాయి వేసినా తగలొచ్చనుకునే అలవాటు కూడా మానండి. నాలుగు ఆప్షన్లలో ఒకటే సరైనదయ్యే ప్రశ్నకు తప్పు రాస్తే మూడో వంతు మార్కు కోత పడుతుంది. అంకె టైపు చేసే ప్రశ్నలకు, ఒకటికి మించి జవాబులుండే ప్రశ్నలకు కోత లేదు.

ఒక్క డ్రాప్ ఏడాది వరకే నేను ఒప్పుకుంటాను. రెండోది వద్దు. ఉద్యోగం చేస్తూ మూడోసారి రాయండి.

గేట్ ర్యాంకు అనుకున్నంత రాకపోయినా దారులు మూసుకుపోవు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పీజీఈఈ అని సొంతంగా పరీక్ష పెడుతుంది. అక్కడ ఎంటెక్ వేరు, ఎంఎస్ బై రీసెర్చ్ వేరు. రెండోదాంట్లో చేరితే ఒక ల్యాబులో కుదురుకుని పరిశోధన చేయాలి, ఎప్పుడు పూర్తవుతుందన్నది మీ థీసిస్ మీద ఆధారపడి ఉంటుంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో కూడా రెండేళ్ల ఎంటెక్‌తో పాటు మూడేళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ పద్ధతి ఎంటెక్ ఉంది. ఏడాది ఎక్కువ పడుతుందని చాలామంది దాన్ని పక్కన పెడతారు. లోతుగా నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఆ ఏడాది బంగారం లాంటిది.

రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌తో దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో ఎంటెక్ చేరడం గురించి చాలామంది అడుగుతారు. టీచింగ్ కోసం డిగ్రీ కావాలనుకుంటే, పెళ్లయి ఊరు వదలలేని పరిస్థితి ఉంటే, అది పనికొచ్చే దారే. కానీ చేరే ముందు ఆ కాలేజీలో గత ఏడాది ఎంటెక్ చేసిన ఇద్దరిని పట్టుకుని, "క్లాసులు జరిగాయా, మీ ప్రాజెక్టు ఎవరు చూశారు?" అని అడగండి. ఉద్యోగం కోసమే చేరుతుంటే ఆ రెండేళ్లు కంపెనీలో పెట్టడం మేలు.

అమెరికా దారి

తమ్ముడు 2021లో వెళ్లాడు. అప్పుడు డాలరు 74 రూపాయల దగ్గర ఉంది. 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే యూనివర్సిటీ ఒక్క డాలరు ఫీజు పెంచకపోయినా మన లెక్కలో అయిదో వంతు పెరిగిపోయినట్టే.

లోన్ గురించి మన ప్రాంతం వాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. వర్ధన్నపేట దగ్గర మాకు రెండెకరాలు ఉంది. తమ్ముడికి అడ్మిషన్ రాగానే అమ్మ బీరువాలో చీరల కింద నుంచి పట్టాదారు పాసుపుస్తకం తీసి టేబుల్ మీద పెట్టింది. "పొలం కాయితాలున్నయి గద, ఇవి వెట్టుకొని ఇయ్యమను" అంది. బ్యాంకులో మేనేజర్ ఆ పాసుపుస్తకం తెరిచి కూడా చూడలేదు. చదువుల లోన్‌కు వ్యవసాయ భూమిని సాధారణంగా తాకట్టు పెట్టుకోరు. ఇల్లో, అనుమతి ఉన్న లేఅవుట్‌లో ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిటో కావాలి. మా ఇల్లు బాపు, పెదనాయన పంచుకున్నారు కానీ పంపకం రిజిస్టరు కాలేదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), ఇంటి పన్ను రసీదులు, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, వీటన్నిటికీ 40 రోజులు పట్టింది. ఇంకో వారం ఆలస్యమైతే వీసా స్లాట్ దాటిపోయేది. మీ ఇంట్లో కాగితాలు సాదాబైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు ఒప్పందం) మీదో, నోటరీ మీదో నడుస్తున్నాయేమో థర్డ్ ఇయర్‌లోనే చూసుకోండి. తాకట్టు లేకుండా ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు కూడా ఇస్తాయి, వడ్డీ ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. 40 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుందాం. ఈఎంఐ 55,000 దాటుతుంది. పదేళ్లలో కట్టేది 66 లక్షలు. చదివే రెండేళ్లలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. డాలర్లలో జీతం వస్తే ఈ అప్పు మూడు నాలుగేళ్లలో తీరిపోతుంది, అలా తీర్చిన వాళ్లు మన ఊళ్లోనే చాలామంది ఉన్నారు. తిరిగి వచ్చేయాల్సి వస్తే మాత్రం హైదరాబాద్ జీతంలో నెలకు 55,000 తీయాలి. మీ బ్యాంకు చెప్పిన అంకెలతో ఈ రెండో లెక్క కూడా వేసి, అమ్మానాన్నలకు చూపించి, వాళ్లు తలూపిన తర్వాతే సంతకం పెట్టండి.

తమ్ముడి గడ్డు ఏడాది డిగ్రీ అయిపోయాక వచ్చింది. 2023 మే నెలలో పాసయ్యాడు. కంపెనీలు వేలమందిని తీసేస్తున్న రోజులవి. చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ కింద 12 నెలలు, కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ కాబట్టి ఆ తర్వాత ఇంకో 24 నెలలు ఇస్తారు. ఇది అందరికీ తెలుసు. ఆ మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదన్నది వెళ్లేముందు మాకు ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో పాల ప్యాకెట్ల లెక్క క్యాలెండర్ మీద రాసే అలవాటు. ఆ వేసవిలో అమ్మ పాల లెక్క పక్కనే నీలం పెన్నుతో ఇంకో అంకె వేసేది. ఒకటి, రెండు, మూడు. అరవై ఒకటి దాకా వచ్చింది. అప్పుడు తమ్ముడు తన ప్రొఫెసర్‌ను బతిమాలి, ఆయన ల్యాబులో వారానికి 20 గంటలు జీతం లేకుండా పనిచేయడానికి కుదుర్చుకున్నాడు. తన సబ్జెక్టుకు సంబంధించిన పని అయితే మొదటి ఓపీటీలో అది లెక్కలోకి వస్తుంది, రోజులు ఆగుతాయి. అంకె ఆగింది కానీ అద్దె ఆగదు. ఆరు నెలలు నా జీతంలో నుంచి వాడికి గది అద్దె పంపాను. ఫిబ్రవరిలో ఉద్యోగం వచ్చింది. ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక అమ్మ భద్రకాళి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుని, క్యాలెండర్ తీసి మడిచి బీరువాలో పెట్టింది.

అప్పుడు నాకు జీతం ఉంది కాబట్టి నిలబడ్డాం. మీ ఇంట్లో అలా ఆరు నెలలు అద్దె పంపగలిగే మనిషి ఎవరు? ఆ పేరు చెప్పగలిగితే అమెరికాకు ధైర్యంగా వెళ్లండి.

అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే హెచ్1బీ వీసా సంగతి క్లుప్తంగా. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసిన వాళ్లకు అదనంగా 20,000. అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు కాబట్టి అందరికీ రాదు. తమ్ముడికి మొదటి రెండుసార్లు లాటరీలో పేరు రాలేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. రూల్స్ ఇలా మారుతూనే ఉంటాయి. పాత సీనియర్ అనుభవాన్ని నమ్ముకోకుండా ఈ ఏడాది వెళ్లినవాళ్లతో మాట్లాడండి. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయి వీసా చేతికొచ్చేదాకా ఉన్న ఉద్యోగం వదలకండి.

కన్సల్టెన్సీలో "మా దగ్గర అంతా ఫ్రీ" అంటే, విద్యార్థిని చేర్చినందుకు యూనివర్సిటీయే కమీషన్ ఇచ్చే పద్ధతి ఉంది అని గుర్తుపెట్టుకోండి. తమ్ముడికి ఒక కన్సల్టెన్సీ ఆరు పేర్లు రాసిచ్చింది. వాడు వెళ్లాలనుకున్న స్టేట్ యూనివర్సిటీ వాటిలో లేదు. "అది మీకు రాదు" అన్నారు. సొంతంగా అప్లై చేసుకున్నాడు, వచ్చింది, అక్కడే చదివాడు. అందుకే లిస్టు మీరు రాసుకోండి. ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్లు ఎవరు, ఏ కోర్సులు ఏ సెమిస్టర్‌లో చెప్తున్నారు అన్నది చూడండి.

ఇది ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, 2019 జనవరిలో మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. అమెరికా ప్రభుత్వ అధికారులే నిఘా కోసం పెట్టిన నకిలీ యూనివర్సిటీ అది. వెబ్‌సైట్ ఉంది, అధికారిక జాబితాలో పేరు ఉంది, ఫీజు కట్టించుకుంది. క్లాసులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది భారతీయులు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. కాబట్టి క్లాసుకు వెళ్లనక్కర్లేదని చెప్పే ఏ చోటికీ వెళ్లకండి. డబ్బున్నట్టు, అనుభవం ఉన్నట్టు దొంగ కాగితాలు పెట్టించే వాళ్ల దగ్గరికి అసలే వెళ్లకండి. పట్టుబడితే ఆ దేశంలో జీవితాంతం అడుగు పెట్టనివ్వకపోవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వ సాయం కూడా ఉంది. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. ఎంపికైతే 20 లక్షల వరకు ఇస్తారు. దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లో. కానీ మొదటి విడత అక్కడికి చేరిన తర్వాత, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితం చూపించాక. విమానం టికెట్‌కు, మొదటి సెమిస్టర్ ఫీజుకు ఆ డబ్బు అందదు. ఆ మొదటి ఖర్చుకు వేరే ఏర్పాటు చేసుకుని వెళ్లండి.

జర్మనీ, బ్రిటన్

జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల వాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాలి, నెలనెలా మీకే తిరిగి వస్తాయి. మన దేశం వాళ్లకు 2022 నవంబరు నుంచి, చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఉద్యోగం చాలాచోట్ల జర్మన్ అడుగుతుంది. హన్మకొండలో ఉండగానే భాష మొదలుపెట్టి కనీసం బీ1 స్థాయి దాకా వెళ్లగలిగే పట్టుదల ఉంటే, తక్కువ అప్పుతో వెళ్లాలనుకునే ఇంటికి ఇది నాకు అన్నిటికంటే నచ్చిన విదేశీ దారి.

బ్రిటన్‌లో ఏడాదిలో అయిపోతుంది. చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్లను, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గించారు. కంప్యూటర్ సైన్స్ లోతుగా నేర్చుకోవడానికి ఒక్క ఏడాది చాలదని నా అభిప్రాయం.

డిగ్రీ పిల్లలకు ఎంసీఏ

బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ చదివిన పిల్లలను ఈ చర్చల్లో ఎవరూ పట్టించుకోరు. వాళ్లకు మన దగ్గరే మంచి దారి ఉంది. ఎన్ఐటీల ఎంసీఏ ప్రవేశ పరీక్ష నిమ్‌సెట్ రాస్తే ఎన్ఐటీ వరంగల్‌లోనే ఎంసీఏ చేయొచ్చు. ఆ పరీక్షలో 1,000 మార్కులకు 600 మ్యాథ్స్‌వే. ఇంటర్ ఎంపీసీ పుస్తకాలు అటక మీద ఉంటే దించండి. డిగ్రీ మొదటి ఏడాది నుంచే రోజుకు గంట మ్యాథ్స్ చేసిన పిల్ల, మూడో ఏడాదిలో కోచింగ్‌కు పరిగెత్తిన పిల్ల కన్నా నిబ్బరంగా రాస్తుంది. అది కుదరకపోతే రాష్ట్ర స్థాయి ప్రవేశ పరీక్ష ఐసెట్ ఉంది. ఎన్నో ఏళ్లు మన కాకతీయ యూనివర్సిటీయే నిర్వహించిన పరీక్ష అది. ఎంసీఏకు ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలా అన్నది నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఐసెట్‌తో చేరే కాలేజీల్లో 2020 నుంచి ఎంసీఏ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది కాబట్టి ఖర్చు కూడా తగ్గింది. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీజీఈటీ రాసి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. కోడింగ్ ఉద్యోగమే లక్ష్యమైతే నేను ఎంసీఏ వైపే మొగ్గుతాను.

ఉద్యోగం చేస్తూ

మడికొండ ఐటీ పార్కులో 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ తెరిచాక ఇంట్లో ఉండి ఉద్యోగానికి వెళ్లే పిల్లలు మన దగ్గర కూడా కనిపిస్తున్నారు. అలాంటి వాళ్లకు ఆన్‌లైన్ మాస్టర్స్ ఒక తెలివైన దారి. జార్జియా టెక్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ నడుపుతోంది. పది కోర్సులు, మొత్తం ఏడెనిమిది వేల డాలర్లు, వీసా అక్కర్లేదు. తేలిక మాత్రం కాదు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి పది తర్వాత అసైన్‌మెంట్ చేయగల ఓపిక మూడేళ్లు ఉండాలి. ఇందులో గడ్డు ఏడాది అంటూ పెద్దగా లేదు, జీతం ఆగదు. దానివల్ల అమెరికాలో ఉద్యోగ హక్కు మాత్రం రాదు.

ఆడపిల్లల ఇళ్లలో

ఒక మాట అమ్మానాన్నలతో చెప్పాలి. మా ఇంట్లో నాకు "ఇక్కడే చదువుకో" అన్నారు, తమ్ముడికి ఇల్లు తాకట్టు పెట్టారు. నాకు ఎంటెక్ నచ్చింది, ఇప్పటికీ ఇష్టంగానే పాఠం చెప్తున్నాను. అయినా అప్పుడు నన్ను ఎవరూ అడగలేదన్నది గుర్తుంది. నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో ప్రతి ఏడూ ఒకరిద్దరు, "మా వాళ్లు ఎన్ఐటీ అయితే పంపుతారు మేడం, ఐఐటీ బాంబే వస్తే పంపరు" అంటారు. పెళ్లి కోసం దాచిన డబ్బు ఇంట్లో ఉంటుంది, అదే డబ్బు చదువుకు అడిగితే లేదంటారు. దయచేసి ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి. అబ్బాయికి వేసిన లెక్కే అమ్మాయికీ వేయండి.

ఏది ఎప్పుడు

నెలల సంగతి గుర్తుంచుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. గేట్ ఫారం ఆగస్టు, సెప్టెంబరుల్లో. అమెరికా అప్లికేషన్లు డిసెంబరు నుంచి మార్చి దాకా, దానికి ముందే జీఆర్ఈ అడిగే చోట జీఆర్ఈ, ఇంగ్లిష్ పరీక్ష అయిపోవాలి. ఫిబ్రవరిలో గేట్. వేసవిలో నిమ్‌సెట్, ఐసెట్. చూస్తే తెలుస్తుంది, గేట్, అమెరికా రెండూ ఒకే శీతాకాలంలో ఢీకొంటాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టి రెండూ పోగొట్టుకున్న పిల్లలు నాకు తెలుసు. ఫైనలియర్ ఆగస్టులో ఒకదాన్ని ముందు పెట్టుకోండి, రెండోది వచ్చే ఏడాదికి.

మొన్న భూపాలపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుతున్న ఒక అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. వాళ్ల నాన్న సింగరేణిలో పనిచేస్తున్నాడు, రిటైర్మెంట్‌కు మూడేళ్లుంది, చెల్లెలు ఇంటర్. పాత ఆన్సర్ షీటు వెనక్కి తిప్పి మధ్యలో ఒక గీత గీశాం. ఒకవైపు గేట్ గడ్డు ఏడాదికి అయ్యే ఖర్చు, ఇంకోవైపు అమెరికా గడ్డు ఏడాదికి అయ్యేది. అద్దె పంపే మనిషి పేరు రాయాల్సిన చోట పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, "నాన్న రిటైర్ అయ్యేలోపు నాకు జీతం రావాలి మేడం. ముందు గేట్ రాస్తా, రాకపోతే ఉద్యోగంలో చేరి మళ్లీ రాస్తా" అంది. ఫారం నా కంప్యూటర్‌లోనే తెరిచాం. పరీక్ష సెంటర్ దగ్గర వరంగల్ పెట్టింది. రెండో పేపర్ అడిగే గడి దగ్గర ఆగి నా వైపు చూసింది. డీఏ కూడా పెట్టమన్నాను.